ఒక చోట వద్దన్నారు, ఇంకో చోట శనివారం రమ్మన్నారు: లేజర్ కంటి ఆపరేషన్‌కి ఎవరి మాట వినాలి?

మిరపతోట
వయసు 25. కుడి కంటికి మైనస్ 7.5, ఎడమ కంటికి మైనస్ 6.75, రెండింటికీ కొంచెం సిలిండర్ (కంటి వంపు అన్నివైపులా ఒకేలా లేకపోవడం) కూడా ఉంది. ఆరో తరగతి నుంచి అద్దాలు. రెండేళ్లుగా పవర్ మారలేదు. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇల్లు నరసరావుపేట దగ్గర. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఇద్దరు ఫొటో చూసి బాగుందన్నారు, ఆ తర్వాత ఫోన్లో "అమ్మాయికి సైట్ ఎంత?" అని అడిగి మళ్లీ మాట్లాడలేదు. దాంతో అమ్మ లేజర్ చేయించుకోమని పట్టుబట్టింది. నాకూ ఇష్టమే. పొద్దున లేవగానే అద్దాల కోసం మంచమంతా తడుముకోవడం ఇక చాలనిపించింది.

గత నెల ఒక ఆసుపత్రిలో మూడు గంటలు పరీక్షలు చేశారు. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, మందం కుడివైపు 488, ఎడమవైపు 491 మైక్రాన్లు (మిల్లీమీటర్లో వెయ్యో వంతు) వచ్చింది. డాక్టర్ గారు కార్నియా ఆకారం రంగుల మ్యాపు చూపించి, "కిందివైపు కొంచెం ఎత్తుగా ఉందమ్మా, నేనైతే లేజర్ చేయను" అన్నారు. ఏడుపొచ్చేసింది. వారం తర్వాత ఇంకో చోటికి వెళ్లాను. అక్కడ గంటలో అన్నీ అయిపోయాయి. డాక్టర్ కంటే ఆసుపత్రి కౌన్సెలర్ ఎక్కువ మాట్లాడారు. "మీకు సరిపోతుంది, ఈ శనివారంలోపు బుక్ చేసుకుంటే పదిహేను వేలు తగ్గింపు" అన్నారు. ఐదు వేలు అడ్వాన్స్ కట్టేశాను. ఇప్పుడు నిద్ర పట్టట్లేదు. ఇద్దరూ డాక్టర్లే కదా, ఒకరు వద్దని, ఒకరు రమ్మని ఎలా అంటారు?

డల్లాస్_బావ
2011లో ఇండియా వచ్చినప్పుడు చేయించుకున్నా. మైనస్ 5 ఉండేది. రెండు కళ్లకీ కలిపి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. మర్నాడు పొద్దున మంచం మీంచే గోడ మీద క్యాలెండర్లో తిథి చదివాను. ఇన్నేళ్లయినా అద్దాల అవసరం రాలేదు. అంత టెన్షన్ పడకమ్మా, చేయించేసుకో.

నల్లకుంట
బావగారూ, మీది మైనస్ 5, ఆవిడది 7.5. పైగా ఆవిడ కార్నియా మందం 488, పల్చనే. మీ మందం ఎంతో గుర్తుందా?

డల్లాస్_బావ
గుర్తుంది, 560 అన్నారు. సరే, ఆ తేడా ఉంది, ఒప్పుకుంటా.

లక్ష్మి_టీచర్
అసలు బాధ అక్కడ కాదు. పెళ్లికొడుక్కి అద్దాలుంటే బాగా చదువుకున్నవాడు అంటారు, అమ్మాయికి ఉంటే లోపం అంటారు. సైట్ ఎంత అని అడిగి ఫోన్ పెట్టేసినవాళ్ల ఇంటికి కోడలిగా వెళ్లనందుకు సంతోషించు తల్లీ. నీకోసం చేయించుకో, వాళ్లకోసం వద్దు.

మిరపతోట
లక్ష్మి గారూ, ఈ ముక్క అమ్మకి చదివి వినిపించాను. ఏం మాట్లాడలేదు గానీ, వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త తగ్గింది.

ఆప్టో_రవి
పదకొండేళ్లుగా ఆప్టోమెట్రిస్ట్‌గా పనిచేస్తున్నా. ఇలాంటి పరీక్షలు చేయడమే నా పని. మీ మ్యాపు చూడకుండా తీర్పు చెప్పలేను, చెప్పకూడదు. కానీ ఇద్దరు రెండు రకాలుగా ఎందుకు చెప్పారో మీరిచ్చిన అంకెల్లోనే ఉంది.

లాసిక్ అనే లేజర్ ఆపరేషన్‌లో ముందు కార్నియా పైపొరని సుమారు 110 మైక్రాన్ల మందంతో మూతలా కోసి పైకెత్తుతారు. దాన్నే ఫ్లాప్ అంటారు. తర్వాత లేజర్‌తో లోపలి పొరని చెక్కుతారు. ఒక్కో డయాప్టర్ (అద్దాల పవర్‌లో ఒక అంకె) పవర్‌కి సుమారు 14, 15 మైక్రాన్లు పోతుంది. మీ 7.5కి 105 నుంచి 112. ఇప్పుడు 488లోంచి 110 తీయండి, మళ్లీ 105 తీయండి. మిగిలేది 273. గట్టిగా లెక్కేస్తే 266. సిలిండర్ కలిపితే ఇంకా తగ్గుతుంది.

లేజర్ తర్వాత అడుగున కనీసం 250 మైక్రాన్లు మిగలాలి అన్నది పాతకాలం నుంచి ఉన్న హద్దు. ఆ లెక్కన మీరు పాస్. రెండోచోట "సరిపోతుంది" అన్నది బహుశా దీన్ని చూసే. కానీ చాలామంది సర్జన్లు ఇప్పుడు 280, 300 ఉంచాలనుకుంటారు. ఇంకో లెక్క కూడా చూస్తారు: మొత్తం మందంలో ఎంత శాతాన్ని కదిలించాం అని. ఫ్లాప్ 110, చెక్కింది 105, కలిపి 215. 488లో అది 44 శాతం. 40 శాతం దాటితే జాగ్రత్త పడాలని ఈ రంగంలో అందరికీ తెలుసు. మీరు దాటేశారు.

ఇవన్నీ మందం లెక్కలు. అంతకంటే ముఖ్యం ఆకారం. కిందివైపు ఎత్తుగా ఉంది అన్నారు చూడండి, మొదటి డాక్టర్ ఆగింది అక్కడే. కార్నియా లోపలి నుంచి కంటి ఒత్తిడి ఎప్పుడూ బయటికి తోస్తూనే ఉంటుంది. సైకిల్ ట్యూబు ఒకచోట పల్చబడితే గాలి కొట్టినప్పుడు అక్కడే బుడిపెలా ఉబ్బుతుంది కదా, అలాగన్నమాట. ముందే బలహీనంగా ఉన్న కార్నియాని ఇంకా చెక్కితే నెలలకో ఏళ్లకో ముందుకి ఉబ్బొచ్చు. దాన్ని ఎక్టేజియా అంటారు. అందరికీ రాదు. కానీ వస్తే అద్దాలు పెట్టినా చూపు సరిగ్గా ఉండదు.

రిపోర్టులో "డి" అని ఒక అంకె ఉంటుంది, కార్నియా మామూలు ఆకారం నుంచి ఎంత తప్పిందో చెప్పేది. ఎంత వచ్చిందో చూసి చెప్పండి.

మిరపతోట
ఇప్పుడే ఫైలు తీశాను. కుడి కన్ను 2.1, ఎడమ కన్ను 1.7. రెండూ పసుపు రంగు గడిలో ఉన్నాయి.

ఆప్టో_రవి
1.6 దాటితే అనుమానం, పసుపు. 2.6 దాటితే ఎరుపు. మీది జబ్బు అని కాదు. అనుమానం ఉన్న కన్ను. అనుమానం ఉన్న కంటిని లేజర్‌తో పల్చన చేయకూడదు. రెండోచోట ఈ పరీక్ష చేశారా? చేసి ఉంటే ఆ ప్రింటు అడిగి తీసుకోండి. అది మీ హక్కు.

ఇంకొకటి, పరీక్షకి ముందు కాంటాక్ట్ లెన్సులు ఎన్నాళ్లు ఆపారు?

మిరపతోట
మొదటిచోట వారం ఆపమన్నారు, ఆపాను. రెండోచోట ఎవరూ అడగలేదు. ముందురోజు ఫంక్షన్‌కి పెట్టుకున్నాను, మర్నాడే పరీక్ష చేశారు.

ఆప్టో_రవి
మెత్తటి లెన్సులైతే కనీసం ఒకటి రెండు వారాలు, గట్టి లెన్సులైతే మూడు నాలుగు వారాలు ఆపి చూడాలి. లెన్సు కార్నియాని నొక్కి ఆకారం మార్చేస్తుంది. నిన్న లెన్సు పెట్టిన కంటి మ్యాపు నమ్మదగ్గది కాదు. నాకైతే ఆ ఒక్క మాటతో సంగతి తేలిపోయింది.

సీతమ్మధార
ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా తమ్ముడిది అచ్చం మీ కథే. 2013లో వాడికి 22 ఏళ్లు. ఒక డాక్టర్ వద్దన్నారు. మేమే, అంటే నేనే, వాణ్ని ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లాను. "బోర్డర్‌లో ఉంది, ఏం కాదు" అన్నారు. చేశారు. రెండేళ్లు బ్రహ్మాండంగా కనబడింది. మూడో ఏడు నుంచి కుడి కంటికి చంద్రుడు రెండుగా కనిపిస్తున్నాడు అనేవాడు. అద్దం మార్చాం, మళ్లీ మార్చాం. చివరికి ఎక్టేజియా అని తేలింది.

సీ3ఆర్ చేయించాం. పైపొర తీసేసి, అరగంట పాటు రైబోఫ్లేవిన్ చుక్కలు వేస్తూనే ఉంటారు, పసుపుపచ్చగా ఉంటుంది ఆ మందు. తర్వాత అతినీలలోహిత కాంతి పెడతారు. కార్నియా గట్టిపడి ఉబ్బడం ఆగుతుంది. ఆగింది కూడా. కానీ పోయిన ఆకారం వెనక్కి రాలేదు. ఇప్పుడు పెద్ద గట్టి లెన్సు పెట్టుకుంటాడు. రోజూ పొద్దున సింకు దగ్గర నిలబడి, లెన్సు నిండా సెలైన్ పోసి, తల వంచి కంటికి అద్దుకుంటాడు. గాలి బుడగ పడితే తీసి మళ్లీ మొదలు. ఆ పది నిమిషాలూ నేను వంటింట్లోకి వెళ్లిపోతాను, చూడలేను.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే మీకు చెబుతున్నా. మొదటి డాక్టర్ మాట వినండి.

నల్లకుంట
అక్కా, మీరు మంచికే తీసుకెళ్లారు. అప్పుడు అదే సరైందనిపించింది.

మిరపతోట
చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. థాంక్స్ అక్కా. చాలా చాలా.

డల్లాస్_బావ
సీతమ్మధార గారి పోస్టు చదివాక నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక సంగతి. ఇది చదివి, మంచి కళ్లున్నవాళ్లు కూడా భయపడి మానుకుంటే అదీ అన్యాయమే. సరైన మనిషికి చేస్తే ఇది నిజంగా మంచి ఆపరేషన్. ఎక్టేజియా అరుదు.

ఆప్టో_రవి
వంద శాతం నిజం. అరుదే. ఆ అరుదైనవాళ్లలో చాలామందిని ముందే పట్టుకునేది ఈ పరీక్షలే. అందుకే మూడు గంటలు పడుతుంది.

హబ్సిగూడ_హర్ష
ఫ్లాప్ కోయకుండా స్మైల్ అని ఉంది కదా, అది చేయించుకోవచ్చుగా? మా మేనేజర్ అదే చేయించుకున్నాడు, నాలుగో రోజు ఆఫీసుకొచ్చాడు.

ఆప్టో_రవి
స్మైల్‌లో ఫ్లాప్ ఉండదు, నిజమే. ఫెమ్టోసెకండ్ లేజర్‌తో కార్నియా లోపల పల్చటి బిళ్లలాంటి ముక్కని గీసి, రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల కోతలోంచి బయటికి లాగుతారు. కోత చిన్నది కాబట్టి నరాలు తక్కువ తెగుతాయి, కళ్లు పొడిబారడం కాస్త తక్కువ. కానీ కార్నియా లోపలి నుంచి పదార్థం తీయడం తీయడమే. స్మైల్ తర్వాత ఎక్టేజియా వచ్చిన కేసులూ ఉన్నాయి. మ్యాపులో అనుమానం ఉంటే స్మైల్ కూడా వద్దు.

పీఆర్‌కే అనే ఇంకో లేజర్ పద్ధతి సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్పేస్తా. అందులో ఫ్లాప్ లేదు, పైన ఉండే సన్నటి చర్మం లాంటి పొర గీకేసి చెక్కుతారు. ఫ్లాప్ కోసం అంత లోతు కోత ఉండదు. మొదటి మూడు నాలుగు రోజులు మంట బాగా ఉంటుంది, కంటి మీద బ్యాండేజ్ లెన్సు పెడతారు. మందం కాస్త తక్కువగా ఉండి ఆకారం శుభ్రంగా ఉన్నవాళ్లకి మంచిది. ఈవిడ పవర్‌కీ, ఈవిడ మ్యాపుకీ కాదు.

తణుకు_పిల్ల
పెళ్లి ముందు చేయించుకునేవాళ్లకి నా అనుభవం. నాది మైనస్ 4, కార్నియా బాగుంది, లాసిక్ చేశారు. తప్పు ఒక్కటే, ముహూర్తానికి పన్నెండు రోజుల ముందు చేయించుకున్నా. డాక్టర్ "నెల ముందు రావాల్సింది, కంటికి ఏదీ తగలకూడదు, రుద్దకూడదు" అని పదిసార్లు చెప్పారు.

పెళ్లిలో తలంబ్రాలు ఉంటాయని నాకు గుర్తే లేదు! పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో మొహం మీదకి వస్తుంటే నా గుండె జారిపోయింది. మా ఆయనకి చెవిలో చెప్తే, ఆయన తన దోసిలి నా తల వెనకవైపు పోయడం మొదలుపెట్టారు. వాళ్ల చెల్లెళ్లంతా "అన్నయ్య అప్పుడే ఓడిపోయాడు" అని గోల. నేను పోసేటప్పుడు మాత్రం తగ్గలేదు. తర్వాత హోమం పొగ. కళ్లు ఎర్రగా మండిపోయాయి, మధ్యలో రెండుసార్లు చుక్కలు వేసుకున్నా. అందరూ నేను అప్పగింతలప్పుడు ఏడ్చాననుకున్నారు గానీ, నేను పొద్దుట్నుంచీ ఏడుస్తూనే ఉన్నా. ఏమీ కాలేదు, ఇప్పుడు హాయిగా ఉన్నా. కానీ కనీసం రెండు నెలల ముందు చేయించుకోండి.

లక్ష్మి_టీచర్
మీ ఆయన మంచివాడు తల్లీ. దోసిలి వెనక్కి పోసినవాడు జన్మంతా చూసుకుంటాడు.

నిద్రపట్టని_కోడర్
పొడిబారడం గురించి ఎవరూ గట్టిగా చెప్పట్లేదు. నాకు చూపు 6/6 వచ్చింది, ఒప్పుకుంటా. కానీ ఎనిమిది నెలలు కళ్లలో ఇసుక పోసినట్టు ఉండేది. ఏసీ, పన్నెండు గంటల స్క్రీన్. టేబుల్ మీద, బ్యాగులో, దిండు కింద, అన్నిచోట్లా చుక్కల మందు సీసాలే. ఆపరేషన్ ముందు కన్నీళ్లు ఎంత ఊరుతున్నాయో కాగితం ముక్క పెట్టి చూసే పరీక్ష ఉంటుందని తర్వాత తెలిసింది. నాకు చేయలేదు. రాత్రి కారు నడిపితే ఎదురు లారీ లైట్ల చుట్టూ వలయాలు. విజయవాడ హైవే మీద మొదటి ఆరు నెలలు రాత్రి ప్రయాణం మానేశా. ఇప్పుడు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు.

హబ్సిగూడ_హర్ష
ఆపరేషన్ చేస్తుంటే కాలిన వాసన వస్తుందంటారు, నిజమేనా? అదొక్కటే నా భయం.

తణుకు_పిల్ల
నిజం. వెంట్రుక కాలినట్టు. టకటకా చప్పుడు. ముందు కంటిని గట్టిగా పట్టుకుని పీల్చినట్టు నొక్కుతారు, కొన్ని సెకన్లు చీకటైపోతుంది. అప్పుడు దుర్గమ్మ తల్లిని తలచుకున్నా. తర్వాత లైటు వైపే చూడమంటారు, అది మసకమసగ్గా చెదిరిపోతుంది. మందు వేస్తారు కాబట్టి నొప్పి లేదు.

పాతకాపు
హర్షా, అది కాలడం కాదు. దీని వెనక మనకి దగ్గరి కథే ఉంది. 1981 నవంబర్‌లో, అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, ఐబీఎం ప్రయోగశాలలో పనిచేస్తున్న రంగస్వామి శ్రీనివాసన్ ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ముక్క తెచ్చి, ఇప్పుడు లాసిక్‌లో వాడే ఎక్సైమర్ లేజర్ కింద పెట్టారు. ఆయన మద్రాస్ యూనివర్సిటీలో చదువుకున్న మనిషి. మామూలు లేజర్ అయితే చుట్టూ మాడ్చేది. 193 నానోమీటర్ల ఈ అతినీలలోహిత కాంతి అణువుల బంధాలనే తెంపి పొరని ఎగరగొట్టింది, అంచుల్లో మాడిన గుర్తే లేదు. ఆయనతోపాటు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ కూడా ఆ పనిలో ఉన్నారు. 2013లో ముగ్గురికీ ఒబామా చేతుల మీదుగా అమెరికా జాతీయ టెక్నాలజీ పతకం ఇచ్చారు. నువ్వు పీల్చే వాసన ఆ ఎగిరిపోయిన పొరది. పక్కనున్న కణాలకి వేడి దాదాపు తగలదు.

హబ్సిగూడ_హర్ష
కోడి ముక్కతో మొదలైందా ఇదంతా! భయం సగం తగ్గింది, ఆకలి మొదలైంది.

పాతకాపు
వచ్చాను కాబట్టి నా సంగతీ చెబుతా. 2002లో చేయించుకున్నా, అప్పుడు 27 ఏళ్లు, మైనస్ 8. ఇరవై ఏళ్లు బాగా గడిచాయి. మొన్న శుక్లం వచ్చింది. లోపల పెట్టే లెన్సు పవర్ లెక్కించడానికి ఆపరేషన్‌కి ముందున్న కార్నియా వంపు, పవర్ వివరాలు అడిగారు. కాగితాలు ఎక్కడివి? ఇల్లు మూడుసార్లు మారాం. ఇప్పుడు పాత రికార్డు లేకపోయినా వేసే సూత్రాలు ఉన్నాయట, వాటితో వేశారు. అయినా చివరికి కొంచెం ప్లస్ మిగిలింది. దూరానికీ దగ్గరికీ అద్దాలే. చేయించుకునేవాళ్లు ఆ ఫైలుని పొలం కాగితాలంత భద్రంగా దాచుకోండి.

నీటికాసుల పరీక్షప్పుడు కూడా "నాకు లాసిక్ అయింది" అని చెప్పాలి. కార్నియా పల్చన కాబట్టి ఒత్తిడి అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

రైలుకూత
నాది వేరే బాధ. చిన్నప్పట్నుంచి అసిస్టెంట్ లోకో పైలట్ కావాలని కోరిక. అద్దాలుంటే తీసుకోరని ఎవరో అంటే ఇరవై ఏళ్లకే లాసిక్ చేయించుకున్నా. అమ్మ తాకట్టు పెట్టిన గాజుల డబ్బు అది. తర్వాత నోటిఫికేషన్ పూర్తిగా చదివితే, లాసిక్‌గానీ చూపు సరిచేసే వేరే ఆపరేషన్‌గానీ చేయించుకున్నవాళ్లు ఆ పోస్టుకి అనర్హులు అని స్పష్టంగా రాసి ఉంది. నేను ముందు చదవలేదు. ఆసుపత్రిలో ఎందుకు చేయించుకుంటున్నావని ఎవరూ అడగలేదు. ఇప్పుడు టెక్నీషియన్ పోస్టులకి రాస్తున్నా. పోలీస్, ఆర్మీ, రైల్వే దేనికి ప్రిపేర్ అవుతున్నా ముందు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో మెడికల్ భాగం చదవండి తమ్ముళ్లూ.

నల్లకుంట
గాజులు విడిపించావా తమ్ముడూ?

రైలుకూత
ఒకటి విడిపించా అన్నా. ఇంకొకటి ఉంది.

వరంగల్_వాసి
నాకు 43. మైనస్ 3. ఇప్పుడు చేయించుకోవచ్చా? అడ్డు చెప్పేవాళ్లు కారణంతో చెప్పండి.

ఆప్టో_రవి
అడ్డు చెప్పను, ఒక ప్రశ్న అడుగుతా. ఫోన్ చూసేటప్పుడు అద్దాలు తీసేస్తున్నారా?

వరంగల్_వాసి
అవును, ఏడాదిగా. తీస్తేనే అక్షరాలు బాగా కనబడుతున్నాయి.

ఆప్టో_రవి
అది చత్వారం. మైనస్ ఉండటం వల్ల మీరు అద్దం తీసి దగ్గరిది చదవగలుగుతున్నారు. రెండు కళ్లకీ మైనస్ పూర్తిగా తీసేస్తే దూరం బాగుంటుంది, పేపర్ చదవడానికి అద్దాలు కావాలి. ఇప్పుడు తీసి చదువుతున్నారు, అప్పుడు పెట్టి చదువుతారు. ఒక కంటికి కొంచెం మైనస్ ఉంచే పద్ధతి ఉంది, అందరికీ నప్పదు. ముందు కాంటాక్ట్ లెన్సులతో రెండు వారాలు అలా ఉండి చూడండి, తర్వాత నిర్ణయించుకోండి.

నిద్రపట్టని_కోడర్
ఇన్సూరెన్స్ వస్తుందా అని ఎవరో నాకు మెసేజ్ పెట్టారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో (బీమా వర్తించనివి) 7.5 డయాప్టర్ల కంటే తక్కువ చూపు దోషానికి చేసే చికిత్స ఉంది. అంటే ఆ లోపు ఉంటే సాధారణంగా రాదు.

హబ్సిగూడ_హర్ష
మిరపతోట గారికి కుడి 7.5, ఎడమ 6.75. ఒక కన్ను ఇన్సూరెన్స్‌ది, ఇంకో కన్ను ఈఎంఐది!

మిరపతోట
నవ్వొచ్చింది హర్ష గారూ, చాలా రోజుల తర్వాత.

అందరికీ చెప్పాల్సింది ఒకటి ఉంది. నిన్న ఫోన్ చేసి శనివారం రానని చెప్పాను. కౌన్సెలర్ ఆఫర్ పోతుందన్నారు, పోనివ్వండి అన్నాను. అడ్వాన్స్ తిరిగి ఇచ్చేది లేదన్నారు. ఐదు వేలు పోయింది. రెండు రిపోర్టులూ పట్టుకుని మూడో డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా. ఈసారి లెన్సులు రెండు వారాలు ఆపి వెళ్తా. ఏం అడగాలో ఎవరైనా చెప్పండి.

ఆప్టో_రవి
మొదట, ఇది అనుమానమా, కెరటోకోనస్ (కార్నియా దానంతటదే పల్చబడి ముందుకి ఉబ్బే జబ్బు) మొదలా అని అడగండి. ఎన్నాళ్లకి మళ్లీ మ్యాపు తీయాలో అడగండి. కంట్లో పాపని పెద్దది చేసి రెటీనా (కంటి వెనక ఉండే తెర) అంచులు చూడమనండి. మైనస్ 7 కళ్లు పొడవుగా ఉంటాయి, రెటీనా పల్చగా ఉండొచ్చు. లేజర్‌తో పవర్ తీసినా కన్ను పొడవు తగ్గదు, కాబట్టి రెటీనా పరీక్ష మీకు ఎప్పటికీ ఉండాల్సిందే. మెరుపులు, నల్ల చుక్కలు ఒక్కసారిగా ఎక్కువైతే ఆ రోజే వెళ్లాలి.

తర్వాత ఐసీఎల్ గురించి అడగండి. కార్నియాని చెక్కకుండా, మన సొంత లెన్సుకి ముందు ఇంకో పల్చటి లెన్సు అమర్చడం. ఎక్కువ పవర్‌కి, పల్చటి కార్నియాకి అదే దారి. కావాలంటే తీసేయొచ్చు. కానీ కన్ను లోపల చేసే ఆపరేషన్ అది, ముందుగది (కార్నియాకీ మన సొంత లెన్సుకీ మధ్య ఖాళీ) లోతు సుమారు 2.8 మిల్లీమీటర్లయినా ఉండాలి, కార్నియా లోపలివైపు కణాల లెక్క చూడాలి, ఆ తర్వాత ఏటేటా పరీక్ష. ఖర్చు కూడా లాసిక్ కంటే ఎక్కువ. మ్యాపు మారట్లేదని తేలాకే దాని సంగతి.

సీతమ్మధార
కళ్లు రుద్దుకునే అలవాటు ఉందా అని కూడా చెప్పండి డాక్టర్‌కి. మా తమ్ముడు చిన్నప్పట్నుంచి పిడికిలితో నలిపేవాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మిరపతోట
మూడు వారాలైంది, వెళ్లొచ్చాను. ఈ డాక్టర్ గారు మేడమ్. రెండు గంటలు పరీక్షలు. లెన్సులు ఆపాక తీసిన మ్యాపులో కూడా కిందివైపు ఎత్తు అలాగే ఉంది. కుడి కన్ను "డి" ఈసారి 2.0. లేజర్ ఏ రకమూ వద్దన్నారు. ఇప్పుడు జబ్బు అని చెప్పలేం, ఆరు నెలలకి మళ్లీ తీద్దాం, మారితే సీ3ఆర్, మారకపోతే ఐసీఎల్ గురించి మాట్లాడదాం అన్నారు. ముందుగది లోతు 3.1 ఉందట. రెటీనాలో కుడివైపు అంచున ఒక పల్చటి చోటు ఉంది, రంధ్రం లేదు, ఏడాదికోసారి చూపించమన్నారు. ఆ మొదటి డాక్టర్ గారి రిపోర్టు చూసి, "ఈయన మీకు మంచి చేశారు" అన్నారు.

సీతమ్మధార అక్క చెప్పిన ప్రశ్న నేను అడగకముందే ఆవిడే అడిగారు, కళ్లు రుద్దుతావా అని. అమ్మ పక్కనుంచి "పుట్టినప్పట్నుంచీ అదే పని డాక్టర్ గారూ, మిరపకాయల కల్లంలో తిరిగి అదే చేత్తో కళ్లు నలుపుతుంది" అని నా మీద ఫిర్యాదు. అలర్జీకి చుక్కలు రాశారు. రుద్దడం పూర్తిగా మానేయమన్నారు.

డల్లాస్_బావ
శుభం. మరి అద్దాలు?

మిరపతోట
కొత్తవి తీసుకున్నా. 1.67 అనే పల్చటి రకం లెన్సు, చిన్న గుండ్రటి ఫ్రేము. ఫ్రేము చిన్నదైతే అంచు మందం తగ్గుతుందని అద్దాల షాపు ఆయన చెప్పారు, నిజంగానే సగమైంది. మళ్లీ ఒక సంబంధం వాళ్లు అడిగారట సైట్ ఎంత అని. అమ్మ "ఏడున్నర, రిపోర్టు పంపించమంటారా?" అంది.

లక్ష్మి_టీచర్
అమ్మగారికి నా నమస్కారం చెప్పు.

తణుకు_పిల్ల
వాళ్లేమన్నారు??

మిరపతోట
అబ్బాయికీ మైనస్ 5 అట. ఆదివారం వస్తున్నారు.

సీతమ్మధార
చాలా సంతోషం. ఆరు నెలల తేదీ ఫోన్లో పెట్టుకున్నావా?

మిరపతోట
పెట్టుకున్నా అక్కా. అమ్మ ఫోన్లో కూడా పెట్టాను. ఇది టైపు చేస్తుంటే చెయ్యి కంటి దాకా వెళ్లింది, పక్కనుంచి ఒక్కటేసింది.